మన దిక్కు గుట్టలు, చెరువులు గీసి అమ్మిన ఎనిమిది నెలలు: నా అనుభవం

నవంబర్ 17 ఆదివారం పొద్దున నల్గొండలో ఆరింటి బస్సెక్కి కోఠీలో దిగితే రంగుల షాపుకు తాళం. ఆదివారం మూస్తారని తెలియక కాదు, తొందరలో ఆ ధ్యాసే లేదు. అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కాసేపు తిరగేసి, ఒక చాయ్ తాగి, ఉత్త చేతులతో వెనక్కి వచ్చాను. ఛార్జీలు దండగ. మా ఇంటామె ఏమీ అనలేదు, నవ్వింది, అదే ఎక్కువ బాధ. మళ్లీ 21న గురువారం సెలవు పెట్టుకొని వెళ్లాను. ఇది 2024 సంగతి. అప్పటినుంచి 2025 జూన్ దాకా ఏమేం జరిగిందో, ఎంత ఖర్చయిందో, ఎక్కడెక్కడ ఎదురుచూడాల్సి వచ్చిందో రాస్తున్నాను. ఈ మధ్య ముగ్గురు నలుగురు తమ్ముళ్లు ఫోన్ చేసి 'అన్నా, మేమూ మొదలుపెడతం, ఎట్ల?' అని అడుగుతున్నారు, అందరికీ వేరువేరుగా చెప్పే ఓపిక లేదు.

ముందు నా సంగతి. నేను కాలేజీలో చదివి వచ్చిన ఆర్టిస్టును కాదు, బోర్డులు రాసేవాణ్ని. క్లాక్ టవర్ దగ్గర చిన్న షాపు ఉండేది. కిరాణా షాపుల పేర్లు, డాక్టర్ల బోర్డులు, ఎలక్షన్లొస్తే గోడరాతలు, లారీల వెనక సీనరీలు. ఫ్లెక్సీలొచ్చాక 2009 కల్లా షాపు ఎత్తేశాను. ఇప్పుడు ఒక ఫ్లెక్సీ షాపులోనే కంప్యూటర్ ముందు కూర్చొని పుట్టినరోజు ఫ్లెక్సీలు డిజైన్ చేస్తుంటా, నెలకు 16,000. నా బతుకుదెరువు తీసిన మిషనే జీతమిస్తున్నది, దాన్ని తిట్టడానికి కూడా లేదు.

ఇదంతా మొదలయింది ఒక వాట్సాప్ స్టేటస్‌తో. 2024 దసరా సెలవుల్లో మా డాబా మీద కూర్చొని పాత హార్డ్‌బోర్డు ముక్క మీద లతీఫ్ సాబ్ గుట్ట వేశాను, సాయంత్రం పూట, మీద దర్గా తెల్లగా కనపడేట్టు. స్టేటస్ పెడితే హైదరాబాద్‌లో ఉండే చిన్ననాటి దోస్తు 2,500 ఫోన్‌పే చేసి 'నాకు పంపు' అన్నాడు. ఎంత అని నేను చెప్పలేదు, వాడే వేశాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పన్నెండు బొమ్మలు వేసి మన ఊళ్లోనే పెట్టి అమ్మితే ఎట్లుంటదని అప్పుడే బుర్రలోకి వచ్చింది.

కోఠీలో 18 బై 24 సైజు రెడీమేడ్ కాన్వాసులు పన్నెండు, ఒక్కోటి 420, అంటే 5,040. యాక్రిలిక్ రంగులు 3,860. బ్రష్షులు 1,150. మొత్తం 10,050. ఎనామిల్ పెయింట్‌తో ముప్ఫై ఏళ్లు పనిచేసిన చేతికి యాక్రిలిక్ ఒక పట్టాన లొంగలేదు. ఎనామిల్ డబ్బాలో ఏ రంగు కనిపిస్తే గోడ మీద కూడా అదే రంగు. యాక్రిలిక్ ఆరినాక ఒక పిసరు ముదురుతుంది. ఆకాశం బాగా వచ్చిందని పడుకొని పొద్దున చూస్తే వానొచ్చేట్టుంటుంది. రెండు ఆకాశాలు అట్లా పాడయ్యాక, పక్కన ఒక అట్టముక్క పెట్టుకొని ప్రతి రంగూ దాని మీద రాసి, ఆరనిచ్చి, అప్పుడు బొమ్మ మీద పెట్టడం అలవాటు చేసుకున్నా.

అసలు కష్టం రంగులది కూడా కాదు. లారీల వెనక వేసే సీనరీ మీరందరూ చూసే ఉంటారు: రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక ఏరు, గుడిసె, కొబ్బరిచెట్టు, నాలుగు పక్షులు. కళ్లు మూసుకొని వేస్తాను దాన్ని. వేసీ వేసీ చెయ్యి దానికే అలవాటుపడిపోయింది. పానగల్లు చెరువు ముందు కూర్చొని గీస్తున్నా కూడా చెయ్యి పోయి పోయి కొబ్బరిచెట్టు దగ్గరికే పోతుంది. నల్గొండలో కొబ్బరిచెట్టు ఏది? తాళ్లు, ఈదులు, వేపలు, కానుగలు, గుట్టల మీద సీతాఫలం పొదలు. గుట్టలు కూడా నున్నగా ముక్కోణంగా ఉండవు మన దిక్కు, ఎవరో తెచ్చి కుప్ప పోసినట్టు బండల మీద బండలు. ట్యూబులో వచ్చే ఆకుపచ్చ మన చెట్లకు అసలు పనికిరాదు, మెరుస్తుంది, పొలాల్లో ప్లాస్టిక్ పట్టా పరిచినట్టుంటుంది. అందులో కాస్త ఎరుపు కలిపితేనే దుమ్ము పట్టిన వేపాకు రంగొస్తుంది. ఈ ఒక్క సంగతి పట్టుకోవడానికి నాకు మూడు వారాలు, ఒకటిన్నర కాన్వాసు పట్టింది.

డిసెంబరంతా ఆదివారాలు పానగల్లుకే పోయాను. ఊరికి నాలుగు కిలోమీటర్లు, బండి మీద పది నిమిషాలు. ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలో లింగం వెనక స్తంభం నీడ పగలంతా పడుతుందని చిన్నప్పటి నుంచి వింటున్నదే, చూసిందే, కానీ గీయడానికి కూర్చుంటే గాని దాని పవరు తెలియలేదు. బొమ్మ గీసేవాడికి నీడ జరగడమే పెద్ద బాధ, పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టిన నీడ పదకొండింటికి ఉండదు. మంటపం బయట మెట్ల నీడ, గోడ నీడ అన్నీ నా కళ్లముందే జరుగుతున్నాయి, నేను చెరిపి మళ్లీ గీస్తున్నా, లోపల అదొక్కటి మాత్రం ఉన్నచోటనే. అన్ని వందల ఏళ్ల కింద స్తంభాల మధ్య సందుల్లోంచి వెలుగు ఎట్లెట్లా వస్తుందో లెక్క కట్టి నిలబెట్టిన ఆ శిల్పికి అక్కడే దండం పెట్టా. ఆ బొమ్మ సరిగా రాలేదు. చీకట్లో నీడ వేయడం నా వల్ల కాలేదు. దాని బదులు పక్కనున్న ఉదయ సముద్రం చెరువు వేశాను, కట్ట మీద నుంచి, అది బాగా వచ్చింది.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కూడా అంతే. జనవరి 5న కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా బస్సులు మారుతూ పోయాను. ఏడువందల ఏళ్ల చెట్టంటారు, మూడెకరాల పైన పరుచుకుంది, దూరం నుంచి చూస్తే చిన్న గుట్టలా ఉంటుంది, లోపలికి పోతే ఏ ఊడ మొదలో ఏది చివరో తెలియదు. 2017 డిసెంబర్‌లో పెద్ద కొమ్మ విరిగిపడితే, చెదలు పట్టిందని మనిషికి సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు, గుర్తుండే ఉంటుంది, అప్పట్లో పేపర్లలో వచ్చింది. నాలుగు గంటలు చుట్టూ తిరిగినా ఎక్కడ కూర్చొని గీయాలో తెగలేదు. చివరికి మొత్తం చెట్టు వదిలేసి, బరువు ఆపడానికి కొమ్మల కింద కట్టిన దిమ్మెలు, వాటి మధ్య ఒక ఊడ, అంతే వేశాను. నా పన్నెండింటిలో నాకు ఇష్టమైంది అదే. చూసినవాళ్లంతా మెచ్చుకున్నదీ అదే. ఇంకా మా ఇంట్లోనే ఉంది.

సంక్రాంతి సెలవుల్లో, జనవరి 16న, సోమశిల పోయాను. నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ దాకా బస్సులు, అక్కడినుంచి ఆటో. కృష్ణ నిండుగా ఉంది, శ్రీశైలం డ్యాం వెనక నిలిచిన నీళ్లు, అవతలి కొండలు నీలంగా. మెట్ల మీద కూర్చొని పెన్సిల్‌తో గీసుకుంటుంటే తెల్ల రుమాలు కట్టిన పెద్దాయన ఒకాయన వచ్చి వెనక నిలబడ్డాడు. ఇది మామూలే, గీసేవాడి వెనక నలుగురు నిలబడకుండా మన దగ్గర బొమ్మ పూర్తి కాదు. కానీ ఆయన పావుగంటైనా మాట్లాడలేదు. ఆఖరికి 'తమ్మీ, నువ్వు నీళ్లు గీస్తున్నవ్. మా ఊరు దాని కిందున్నది' అన్నాడు.

1981లో ఖాళీ చేయించారట. అప్పుడు ఆయనకు ముప్ఫై ఏళ్లు. ఊరు పేరు ఇక్కడ రాయడం లేదు, వద్దన్నారు. నా నంబరు తీసుకొని, నావి రెండు పాత బొమ్మలు ఫోన్‌లో చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. నేనూ మర్చిపోయాను.

ఫిబ్రవరి మొదటి వారంలో చెరువుగట్టు జాతరలో ఒక ప్రయోగం చేశాను. గుట్టకు పోయే దారిలో ఆటబొమ్మల దుకాణాల పక్కన బల్ల వేసుకోవడానికి 500 కట్టి, చిన్న సైజు కాగితపు ప్రింట్లు అరవై పట్టుకుపోయాను, ఒక్కోటి మా షాపులో 35కు పడింది, మొత్తం 2,100. అమ్మకం ధర వంద. రథసప్తమి వేళ, జనం కిటకిట. ప్రతి ఇద్దరిలో ఒకరు 'ఇందులో దేవుడేడ?' అని అడిగారు. ఒకామె ఉదయ సముద్రం ప్రింటు తిప్పి తిప్పి చూసి, 'నీళ్లు మంచిగున్నయి గానీ ఇంట్ల పెడితే శుభమేనా?' అంది. నేనేం చెప్పాలి? మంచిదేనమ్మా, చెరువు నిండితే శుభమే కదా అన్నాను. తీసుకుంది. రెండు రోజుల్లో 23 పోయినయ్, 2,300 వచ్చింది. పక్క బల్ల మీద చెరుకు రసం అమ్మినాయన మొదటి పూటే అంతకు మూడింతలు సంపాదించాడు, లెక్కపెట్టింది నేనే.

ఇక ఫ్రేములు. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే నన్ను ఎవరూ హెచ్చరించలేదు. బొమ్మ వేయడానికైన ఖర్చు కంటే ఫ్రేము ఖర్చు ఎక్కువ. ఒక్కోటి 950, పన్నెండుకు 11,400. ఫిబ్రవరి 10న ఇస్తే పది రోజుల్లో ఇస్తానన్నాడు ఫ్రేములాయన. నేను ముందుగా మార్చి 21, 22, 23 తేదీల్లో ఒక ప్రైవేటు స్కూలు హాలు మాట్లాడుకున్నాను. తీరా చూస్తే 21 నుంచి పదో తరగతి పరీక్షలు, ఆ స్కూలు సెంటర్. నేను క్యాలెండర్ చూసుకోలేదు, వాళ్లూ చెప్పేదాకా గుర్తులేదు. దాంతో ముందుకు జరిపి మార్చి 7, 8, 9 పెట్టుకున్నా. ఇక ఫ్రేముల కోసం రోజూ తిరగడమే. పెళ్లిళ్ల సీజన్, పెళ్లి ఫొటోల ఫ్రేములు ముందు, నావి వెనక. రేపు రా, ఎల్లుండి రా. ఆఖరికి మార్చి 6 రాత్రి తొమ్మిదిన్నరకు ఇచ్చాడు, అంటే ఇరవై నాలుగు రోజులు. అందులో దేవరకొండ ఖిల్లా బొమ్మను చట్రంలోంచి ఊడదీసి కింద అంగుళం మేర కోసేశాడు, నా సంతకం పోయింది. అడిగితే 'కింద మట్టే కదన్నా, ఏముంది?' అన్నాడు. ఆ మట్టి రంగు కోసం నేను రెండు రాత్రులు కూర్చున్నానని ఆయనకేం తెలుసు. కొట్లాడే టైం లేదు, మిగిలిన మట్టి మీదనే మళ్లీ సంతకం చేశా.

ఇంకో మాట, యాక్రిలిక్ బొమ్మకు అద్దం అక్కర్లేదు, వార్నిష్ పూస్తే చాలు. కానీ మన దగ్గర అద్దం లేకపోతే 'ఫ్రేము పూర్తి కాలేదా?' అంటారు. నేను నాలుగింటికి వేయించాను. ఆటోలో ఒకటి పగిలింది. అద్దం లేనివే తీసుకెళ్లండి, ఎవరికైనా కావాలంటే తర్వాత వేయించి ఇవ్వచ్చు.

హాలుకు మూడు రోజులకు 6,000. ఫ్లెక్సీ, కార్డులు 1,300కు మా ఓనరే వేసిచ్చాడు. బొమ్మల ప్రదర్శనకు ఫ్లెక్సీ కట్టడమేందిరా అని ఒక పాత పెయింటర్ దోస్తు తిట్టాడు. నిజమే, చేత్తో రాద్దామనే అనుకున్నా, టైం దొరకలేదు.

మొదటి రోజు శుక్రవారం పదకొండు మంది వచ్చారు. అందులో ఐదుగురు మా చుట్టాలు. సాయంత్రం ఐదింటికి కుర్చీలో కూర్చొని, పన్నెండు బొమ్మలు నా దిక్కే చూస్తున్నట్టుంటే, ఎందుకు పెట్టుకున్నాన్రా ఈ తద్దినం అనిపించింది. ధర ఎంత పెట్టాలో కూడా నాకు తెలియదు. ఇంటర్‌నెట్‌లో వాళ్లవి చూస్తే వేలల్లో, లక్షల్లో ఉన్నయ్, ఊళ్లో ఎవరూ అమ్మింది లేదు. ఏలె లక్ష్మణ్ గారిది మన ఉమ్మడి జిల్లా కదిరేనిగూడెమే, తెలంగాణ రాజముద్ర గీసిన మనిషి, అంతటి వాళ్ల ధరలు మనకెందుకు. అన్నిటికీ 6,000 అని చీటీ అంటించాను. ఒకప్పుడు నాతో షాపు బోర్డు రాయించుకున్న బట్టల సేటు వచ్చి, బొమ్మ పొడుగు వెడల్పు చూపుతోనే కొలిచి, 'మూడు ఫీట్లు. అంటే ఫీటుకు రెండు వేలా? నా బోర్డు ఫీటుకు ఎన్మిది రూపాయలకు రాసినవ్ గద!' అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన కొనలేదు.

శనివారం నుంచి మారింది. వచ్చిన ప్రతివాళ్లూ బొమ్మ దగ్గరికి వెళ్లి మొదట చేసే పని ఒకటే: వేలు పెట్టి ఎక్కడుందో వెతకడం. 'ఇది కట్ట, ఇది తూము, మరి మైసమ్మ గుడి ఏది?' మునుగోడు రోడ్డు మీది తాటిచెట్ల బొమ్మ ముందు ఇద్దరు అన్నదమ్ములు పావుగంట వాదించుకున్నారు, మూడో తాడు వాళ్ల నాయిన పట్టాలోదా, పక్కాయనదా అని. నేను అసలు అక్కడ నాలుగు తాళ్లుంటే ఒకటి తీసేసి మూడే వేశాను, అందానికి. ఆ సంగతి చెప్పే ధైర్యం లేకపోయింది. పెద్దాయన 5,500కు కొన్నాడు, 'తాడు మాదే' అని తమ్ముడికి చెప్పి మరీ.

ఆదివారం సాయంత్రానికి నాలుగు పోయినయ్. ఉదయ సముద్రం ఒక్కటే చీటీ మీదున్న 6,000కు. తాటిచెట్లు 5,500, బత్తాయి తోట 5,000, దేవరకొండ ఖిల్లా 4,500. బేరం ఆడకుండా మనవాళ్లు ఏదీ కొనరు, కాబట్టి ఆ ఐదొందలు వెయ్యి ముందే కలిపి పెట్టుకోండి. నేను కలపలేదు. మొత్తం 21,000. జాతరలో మిగిలిన ప్రింట్లలో 31, ఒక్కోటి 150కి, 4,650. జాతరలో వంద, హాల్లో నూటయాభై అంటే ఎవరూ మాట్లాడలేదు, గోడకు బొమ్మలుంటే ఆ ధీమా వేరు.

ప్రదర్శన అయ్యాక అసలు అమ్మకం మొదలైంది, అదీ నేను ఊహించని దారిలో. ఎవరో తీసిన వీడియో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. ఒరిజినల్ అంత పెట్టలేం, పెద్ద సైజు ప్రింటు ఇస్తావా అని అడిగారు. మా షాపు మిషన్ మీదనే కాన్వాసు గుడ్డ రోల్ ఎక్కించి వేశాం, ఒక్కోటి నాకు 350కి పడింది, 900కు ఇచ్చా. జూన్ దాకా పదకొండు పోయినయ్. బోర్డు రాసేవాడి నోటికాడి కూడు తీసిన మిషన్ అదే కదా. ఓనర్ 'ఇంకేం, పార్ట్‌నర్‌షిప్ పెడదామా?' అంటున్నాడు.

ప్రింట్లకు ఫొటో తీసేటప్పుడు జాగ్రత్త. ఫోన్ తన తెలివి తను చూపించి నీలాన్ని ఇంకా నీలం చేస్తుంది. ఒకాయన, పాపం మంచిగానే, 'బొమ్మలో చెరువు స్విమ్మింగ్ పూల్ లెక్కుంది' అన్నాడు. పొద్దున ఎనిమిది ప్రాంతంలో కిటికీ పక్కన, ఎండ నేరుగా పడకుండా పెట్టి తీసి, అసలు బొమ్మ పక్కన పెట్టుకొని కంప్యూటర్‌లో రంగు సరిచేసుకోవాలి.

ఏప్రిల్లో అమెరికా నుంచి ఒకామె మెసేజ్ పెట్టింది. వాళ్ల పుట్టిల్లు మా నల్గొండలోనే, రామగిరిలో, డాబా మీద నుంచి లతీఫ్ సాబ్ గుట్ట అచ్చం ఇట్లాగే కనిపించేదట. దోస్తుకు ఇచ్చిందే మళ్లీ కాన్వాసు మీద వేశానని చెప్పాను కదా, చెప్పలేదా, పన్నెండింటిలో మొదటిది అదే. 9,000, పోస్టు ఖర్చు ఆమెదే. ఎట్లా పంపాలి? ఫ్రేముతో పంపితే బతకదు. చట్రం నుంచి గుడ్డ ఊడదీసి, రంగు పైకి వచ్చేట్టు చుట్టాలి, లోపలికి చుడితే రంగు నొక్కుకుపోయి ముడతలు పడుతుంది. నాలుగించుల పీవీసీ పైపు ముక్క, రెండు మూతలు ప్లంబింగ్ షాపులో కొని, బొమ్మను బటర్ పేపర్‌లో చుట్టి అందులో పెట్టాను. పోస్టాఫీసులో కౌంటర్ మీద పెడితే 'ఇదేంది, బోరు పైపా?' అన్నారు. కస్టమ్స్ ఫారం నింపడానికి గంట. పదిహేడు రోజులకు చేరింది. గోడకు పెట్టిన ఫొటో పంపింది, పక్కనే కిటికీలోంచి మంచు.

సారీ, మంచు కాదు, ఏప్రిల్ కదా, తెల్ల పూల చెట్టట. నాకు మంచే అనిపించింది.

ఇక సోమశిల పెద్దాయన. మార్చి ఆఖర్లో ఆయన కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. నాన్న మునిగిపోయిన ఊరి బొమ్మ కావాలంటున్నాడు, ఫొటోలు ఒక్కటీ లేవు, చెబితే గీస్తారా? 24 బై 36 సైజు, 15,000 అన్నాను, 5,000 అడ్వాన్స్ పంపాడు. తీసుకున్నాక టెన్షన్ మొదలైంది. చూడని ఊరు ఎట్లా గీయను?

ఏప్రిల్ 13 ఆదివారం మొదటిసారి సోమశిల దిక్కు పెద్దాయన ఇంటికి పోయాను. పెద్దాయన ఒక్కడే అనుకుంటే, అదే ఊరి నుంచి వచ్చిన ఇంకో ఆరుగురు అరుగు మీద కూర్చొని ఉన్నారు. బొగ్గు ముక్కతో సిమెంటు నేల మీద ఊరి పటం గీశారు. బొడ్రాయి ఇక్కడ, అంజన్న గుడి ఇక్కడ, రచ్చకట్ట, వేపచెట్టు. వేపచెట్టు గుడికి కుడి పక్కనా ఎడమ పక్కనా అనే దగ్గర గంటసేపు గొడవ. ఒకాయన లేచి వెళ్లిపోయాడు కూడా, చాయ్ ఇస్తామని పిలుచుకొచ్చారు. చివరికి తేలిందేమంటే, ఒకాయన నది వైపు మొగం పెట్టి చెబుతున్నాడు, ఇంకో ఆయన ఊరి వైపు మొగం పెట్టి. ఇద్దరూ కరెక్టే.

ఏప్రిల్ 27న రఫ్ తీసుకుపోయి చూపిస్తే అందరూ ఒకటే నవ్వు. నేను మా నల్గొండ దిక్కు అలవాటున పెంకుటిళ్లు వేశాను. వాళ్లవన్నీ రాతి గోడల మట్టి మిద్దెలు. 'మా మీద గూనపెంకలు ఎప్పుడేసినవ్ తమ్మీ?' అన్నారు. అప్పుడు ఆటో మాట్లాడుకొని పెద్దాయన నన్ను నీళ్ల దగ్గరికి తీసుకుపోయాడు. ఎండాకాలం కదా, నీళ్లు చాలా దూరం వెనక్కి పోయినయ్, ఒండు ఎండి పగుళ్లిచ్చింది, అందులో అక్కడక్కడ రాళ్ల వరుసలు. పునాదులు. ఆయన నడుచుకుంటూ పోయి ఒక వరుస దగ్గర ఆగి, చెప్పులు విడిచి, లోపలికి అడుగు పెట్టాడు. తలుపు ఉన్న దిక్కు నుంచే. నేను ఆ మట్టి చిటికెడు కాగితంలో కట్టుకొచ్చి, దాని పక్కన పెట్టుకొని రంగు కలిపాను.

మే అంతా ఆ ఒక్క బొమ్మే. ఎండలకు ప్లేటులో రంగు ఐదు నిమిషాలకే ఎండిపోయేది, తడిగుడ్డ పరిచి దాని మీద రంగు పెట్టుకున్నా, కూలర్ గాలి తగలకుండా మూలకు కూర్చొని. మే 25న అయిపోయింది. జూన్ 1న బస్సులో ఒళ్లో పెట్టుకొని తీసుకుపోయాను, కండక్టర్ లగేజీ టికెట్ కొట్టాడు. పెద్దాయన చూశాడు. అరుగు మీద వాళ్లంతా చూశారు. ఎవరూ తప్పు పట్టలేదు, నాకు అదే ఆశ్చర్యం. మిగతా 10,000 ఇచ్చారు, మామిడిపండ్లు ఒక సంచి కట్టారు, కొల్లాపూర్ మామిడి గురించి కొత్తగా చెప్పేదేముంది.

లెక్క తేల్చేస్తా. ఖర్చు: రంగులు కాన్వాసులు 10,050, తిరుగుడు 4,600, ఫ్రేములు 11,400, హాలు 6,000, కార్డులు 1,300, చిన్న ప్రింట్లు 2,100, జాతర బల్ల 500, పెద్ద ప్రింట్లు 3,850. మొత్తం 39,800. వచ్చింది 61,850. మిగిలింది 22,050. ఎనిమిది నెలలకు. నెలకు మూడు వేలు కూడా కాదు. ఏడు బొమ్మలు ఇంట్లో ఉన్నాయి, మా ఇంటామె మంచం కింద నుంచి తీయమంటున్నది.

జూన్ 9న పెద్దాయన ఫోన్. 'తమ్మీ, ఒకసారి రంగులు పట్టుకొని రా' అన్నాడు. ఏమైంది అంటే చెప్పడు, మా ముసలామె పిలుస్తున్నది అంటాడు. గుండె గుభేలుమంది, రంగు లేచిందేమో అని. 15న పోయాను.

నేను అంతకుముందు వెళ్లిన మూడుసార్లూ ఆమె చాయ్ ఇచ్చి లోపలికి పోయేది, ఒక్క మాట మాట్లాడలేదు. ఈసారి తనే బొమ్మ ముందుకు తీసుకుపోయింది. వారం రోజుల నుంచి చూస్తున్నదట. 'అన్నీ పెట్టినవ్. రచ్చకట్ట పెట్టినవ్, గుడి పెట్టినవ్. బాయేది?' అన్నది.

ఏడుగురు మగవాళ్లు రెండు పూటలు కూర్చొని చెప్పారు, ఒక్కరికీ బావి గుర్తురాలేదు. పెద్దాయన తల గోక్కుంటూ నిలబడ్డాడు. బొమ్మను గోడ మీద నుంచి దించనివ్వలేదు ఆమె, దించితే దిక్కులు తెలియవన్నది. స్టూలెక్కి గోడ మీదనే వేశాను. ఆమె కింద నిలబడి వేలు పెట్టి చూపిస్తున్నది, ఇంకా పడమరకు, ఇంకా, ఆగు, గక్కడ. చుట్టూ రాతి ఒరలు, మీద అడ్డంగా దూలం, గిలక. చింతచెట్టు కొమ్మ ఒకటి దాని మీదికి వంగి ఉండేదట, అదీ పెట్టాను. మొత్తం రెండంగుళాలు.

నీళ్లు పెట్టమన్నది. ఇంత దూరం నుంచి బావిలో నీళ్లు కనపడవు కదమ్మా అన్నాను. అయినా పెట్టు అన్నది. సన్న బ్రష్షుతో ఒక చుక్క నీలం, కొంచెం తెలుపు కలిపి, పెట్టాను. ఆరేదాకా ఆమె అక్కడే కూర్చుంది. నాకు నాలుగున్నర బస్సు పోయింది.